బాక్టీరియాలో ఆ ఊపులు క్వాంటమ్ అలలా, అణువుల కంపనాలా?

హరిత_టీచర్: డిగ్రీ పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ చెబుతాను. "బాక్టీరియా క్వాంటమ్ కంప్యూటర్‌లా అన్ని దారులూ ఒకేసారి వెతుకుతుంది" అని నా స్లైడ్‌లో ఉంది. ఆధారం 2007లో ఎంగెల్, ఫ్లెమింగ్ బృందం నేచర్‌లో వేసిన బర్క్‌లీ పేపర్. తీసేయమని మా కాలేజీలో ఒకరు పట్టుబడుతున్నారు. తీసేయాలా?

ఫెమ్టో: తీసేయండి. ప్రయోగం గొప్పదే, పేచీ అంతా దానికి చెప్పిన అర్థం మీద. గ్రీన్ సల్ఫర్ బాక్టీరియాలో, పట్టిన కాంతి శక్తిని ముందుకు అందించే ఎఫ్‌ఎంఓ ప్రొటీన్‌ని 77 కెల్విన్‌కి (దాదాపు మైనస్ 196 డిగ్రీల సెల్సియస్) చల్లబరిచి, ఫెమ్టోసెకన్ల (సెకనులో లక్ష కోట్లవ వంతులో వెయ్యో వంతు) లేజర్ పల్సులు వరసగా పంపారు. సిగ్నల్ 660 ఫెమ్టోసెకన్ల దాకా ఊగుతూనే ఉంది. శక్తి చాలా అణువుల మీద ఒకేసారి పరుచుకుని అలలా కదులుతోందనడానికి దీన్నే సాక్ష్యం అన్నారు.

కానీ ఆ ప్రొటీన్‌లో కాంతిని పట్టే బాక్టీరియోక్లోరోఫిల్ అణువుకి తనదంటూ ఒక కంపనం ఉంది, ఒక్కో ఊపుకి దాదాపు 185 ఫెమ్టోసెకన్లు. అంతకంటే బాగా పొట్టి పల్స్ తగిలితే, గుడి గంటని ఒక్క దెబ్బ కొట్టినట్టు, అణువులన్నీ ఒకే తాళంలో కంపిస్తాయి. దానికి శక్తి పక్క అణువుకి పోనక్కర్లేదు. అసలు ఉత్తేజిత స్థితికే వెళ్లనక్కర్లేదు, రామన్ ప్రక్రియ (కాంతి చెదిరేటప్పుడు అణువుని కంపింపజేయడం) వల్ల కింది స్థితిలోనే జరిగిపోతుంది. పైగా ఎఫ్‌ఎంఓలో అడుగున ఉన్న రెండు ఎలక్ట్రానిక్ స్థాయిల మధ్య శక్తి తేడా వల్ల వచ్చే ఊపు, అంటే వాళ్లు చెప్పిన క్వాంటమ్ అల ఊపు, కూడా ఇంచుమించు ఇంతే. కాబట్టి ఒట్టి ఫ్రీక్వెన్సీ చూసి ఏది ఏదో చెప్పలేం.

అల_పక్షం: అది ఎంగెల్ బృందం పట్టించుకోలేదనుకుంటున్నారా? 2012లో విడి బాక్టీరియోక్లోరోఫిల్ ద్రావణం మీదే కొలిచి చూశారు. కంపనమే కారణమైతే అక్కడా ఊపులు గట్టిగా కనపడాలి. కనపడలేదు.

ఫెమ్టో: న్యాయమైన అభ్యంతరమే. అందుకే 2018లో మిషిగన్‌లో ఓగిల్వీ బృందం ఆ విడి అణువునే మళ్లీ కొలిచింది. ఈసారి కంపనాల ఊపులు ఒకటి కాదు, చాలా దొరికాయి.

అదే ఏడాది స్వీడన్‌లో లుండ్ నుంచి జిగ్మాంటస్ బృందం చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఒకే అణువు లోపలి కంపనమైతే డైపోల్ దిశ (అణువు ఏ దిశలో ఊగే కాంతికి స్పందిస్తుందో అది) మారదు, రెండు ఎలక్ట్రానిక్ స్థాయిల మధ్య ఊపు అయితే దిశలు వేరు. పల్సుల పోలరైజేషన్‌ని (కాంతి అల ఊగే దిశని) తగినట్టు తిప్పితే మొదటి రకం సిగ్నల్ అణిగిపోతుంది. అలా వేరు చేసి చూస్తే, 77 కెల్విన్‌లోనే ఎలక్ట్రానిక్ ఊపులు 240 ఫెమ్టోసెకన్ల లోపే ఆరిపోయాయి, ఆ తర్వాత మిగిలినవి కంపనాలే. గది ఉష్ణోగ్రతలో అయితే డ్వేన్ మిల్లర్ బృందం 2017లో చెప్పిన లెక్క 60 ఫెమ్టోసెకన్లు. శక్తి కింది స్థాయికి దిగడానికి పికోసెకన్లు (ఒక్కోటి వెయ్యి ఫెమ్టోసెకన్లు) పడుతుంటే, ఇక ఏ దారులు వెతుకుతుంది?

అల_పక్షం: 240 అంటే సున్నా కాదుగా! కంపనం, ఎలక్ట్రానిక్ స్థితి కలగలిసిన వైబ్రానిక్ స్థితుల సంగతి మీరు దాటేశారు.

ఫెమ్టో: వాటిని నేను కాదనను. "క్వాంటమ్ కంప్యూటర్" అనే మాటనే కాదంటున్నాను.

హరిత_టీచర్: మరి శక్తి బదిలీలో కంపనాలకి పనేమీ లేదా అండీ?

ఫెమ్టో: ఎందుకు లేదండీ, పై స్థాయి నుంచి కిందికి దిగేటప్పుడు మిగిలే శక్తిని తీసుకునేది అణువులు, ప్రొటీన్ల కంపనాలే. అలా తీసుకోబట్టే శక్తి వెనక్కి మళ్లకుండా రియాక్షన్ సెంటర్ (కాంతి శక్తి రసాయన శక్తిగా మారడం మొదలయ్యే చోటు) వైపు పోతుంది. స్లైడ్‌లో అది పెట్టండి.