బెర్నీని కట్టిన స్తంభాల వరుసలు నా మోడల్‌లో ఒకదాని వెనక ఒకటి దాక్కోవడం లేదు

రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చౌక్‌ను స్కెచప్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తున్నాను. 1656-67 మధ్య ఇటాలియన్ శిల్పి, వాస్తుశిల్పి బెర్నీని కట్టించిన 284 స్తంభాలు, నాలుగేసి వరుసలు. చౌక్ నడిమధ్యనున్న ఒబెలిస్క్‌కూ (ఎత్తైన ఏకరాతి స్తంభం) పక్కనున్న ఫౌంటెన్‌కూ మధ్య నేలలో ఒక గుండ్రటి రాయి ఉంటుంది. దానిమీద నిలబడితే ఆ వైపు స్తంభాల్లో ఒక్క వరుసే కనిపిస్తుంది, మిగతా మూడూ వెనక దాక్కుంటాయి. నాకు కావలసింది సరిగ్గా ఆ దృశ్యమే.

ఆ రాయినే కేంద్రంగా పెట్టి స్తంభాలను దాని చుట్టూ తిప్పుతూ కాపీ (రొటేట్ కాపీ) చేశాను. మొదటి వరుస 65 మీటర్ల దూరంలో, తర్వాతవి ఐదేసి మీటర్ల ఎడంతో. అన్నిటికీ ఒకే వ్యాసం ఇస్తే దాక్కుంటున్నాయి గానీ, బయటి వరుసల్లో సందులు వెడల్పై బోసిగా ఉన్నాయి. బయటికి వెళ్లేకొద్దీ బెర్నీని స్తంభాల లావు పెంచాడు కదా అని వరుసకు 10 శాతం పెంచాను. ఇప్పుడు వెనక స్తంభాల అంచులు రెండు పక్కలా తొంగి చూస్తున్నాయి. కెమెరా 1.6 మీటర్ల ఎత్తులో, సరిగ్గా కేంద్రంలోనే ఉంది. ఫీల్డ్ ఆఫ్ వ్యూ (కెమెరా చూసే కోణం) 35 నుంచి 60 డిగ్రీలకి మార్చినా అదే తంతు.

అసలు కట్టడం కొలతలు తెలిసినవాళ్లు చెప్పండి: బెర్నీని లావు పెంచింది కేంద్రం నుంచి దూరం పెరిగిన నిష్పత్తిలోనేనా, అంతకంటే తక్కువా?