నా గేమ్ మీద వచ్చిన అభిప్రాయాల్లో ఏది పట్టించుకోవాలి?

మాది పర్లాకిమిడి. నౌపడ నుంచి మా ఊరికి 1900లో వచ్చి, 1931లో గుణుపూర్ దాకా సాగిన పట్టాల మధ్య రెండున్నర అడుగులే ఉండే చిన్న రైలు లైను మీద ఒక స్ట్రాటజీ సిమ్యులేషన్ గేమ్ చేస్తున్నాను, గోడో అనే గేమ్ తయారీ ఇంజిన్‌లో. ఆడేవాళ్లు రాజావారి రైలుకి మేనేజర్. బొగ్గు, రిపేర్లు, టికెట్ ధర, అన్నీ వాళ్లే చూసుకోవాలి. ఇంకా మొదటి దశే, సౌండ్ కూడా పెట్టలేదు.

ఇక్కడా, టెక్కలిలోనూ తెలిసిన కుర్రాళ్ల చేత ఆడించాను. చాలామంది మొదటి వానాకాలంలోనే ఖజానా ఖాళీ అయి వదిలేస్తున్నారు. వానల్లో ప్రయాణికులు తగ్గుతారు, షెడ్డు ఖర్చు మాత్రం తగ్గదు. కోతల దాకా నెట్టుకొస్తే ధాన్యం సరుకు మీద డబ్బు తిరిగొస్తుంది. ఈ కిటుకు వాళ్లే కనిపెట్టాలని నేను ఎక్కడా చెప్పలేదు. కనిపెట్టినవాళ్లేమో "మరీ ఈజీ, రెండో ఏడాది నుంచి చేయడానికేం లేదు" అంటున్నారు. పక్కింటి తాతగారిదైతే ఒకటే మాట: "ఆ బండి అంత స్పీడుగా ఎప్పుడు నడిచిందిరా?" (నిజమే, తగ్గించాను.)

వానలకు ముందు స్టేషన్ మాస్టర్ చేత ఒక హెచ్చరిక చెప్పిస్తే చాలా, లేక అప్పు తీసుకునే వీలు కూడా ఇవ్వాలా? అప్పు ఇస్తే టెన్షన్ పోయి ఆట చప్పబడుతుందేమోనని నా అనుమానం.

ఇంకోటి. పక్కన కూర్చుంటే మొహమాటానికి "బాగుంది అన్నా" అంటారు, ఫారం పంపితే ఒక్కరూ నింపరు. అసలు మాట ఎలా రాబడతారు మీరు?