వైఫై కలుస్తోంది, నెట్ మాత్రం రావట్లేదు: ఓఎన్‌టీకి తగిలించిన కొత్త రౌటర్

పైగది:
కంపెనీవాళ్లు పెట్టిన ఓఎన్‌టీ డబ్బా (ఫైబర్ తీగ వచ్చి చేరేది, వైఫై కూడా అదే ఇస్తుంది) కింద హాల్లో ఉంది. దాని వైఫై పైకి సరిగ్గా అందక, మీటింగులో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందని అందరూ అంటున్నారు. అందుకే ఇంకో రౌటర్ కొని, ఓఎన్‌టీ లాన్ పోర్టు (ఇంట్లో పరికరాలు తగిలించేది) నుంచి దాని వాన్ పోర్టుకి (బయటి నెట్ లోపలికి వచ్చేది) కేబుల్ లాగాను. ఫోన్ కొత్త వైఫైకి కలుస్తుంది గానీ కింద "ఇంటర్నెట్ లేదు" అని చూపిస్తుంది. రౌటర్ మీద గ్లోబు లైటు నారింజ రంగులోనే ఉండిపోయింది. హాల్లోకి వెళ్లి పాత వైఫై పట్టుకుంటే నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. రెండూ ఆపి ఆన్ చేశాను. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మా సిగ్నల్ బాగానే ఉంది, ఆ రౌటర్ మాది కాదు" అని పెట్టేశారు. ఏం చూడాలి?

నీలిదీపం:
ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ లైటు (ఫైబర్ సిగ్నల్ పోతే వెలిగేది) ఎర్రగా ఉందా? ఉంటే ఫైబర్ ఎక్కడో వంగో తెగో ఉండొచ్చు. లేకపోతే ఓఎన్‌టీ వెనక సన్న కన్నంలో పిన్నుతో కాసేపు నొక్కి పట్టుకోండి, అన్నీ కొత్తగా మొదలవుతాయి.

తీగలాగుడు:
పైగది గారూ, ఆ పిన్ను జోలికి మాత్రం పోకండి. అది రీస్టార్ట్ కాదు, ఫ్యాక్టరీ రీసెట్. కంపెనీ నెట్‌లోకి లాగిన్ అవడానికి ఇచ్చిన పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వాళ్ల లైన్‌కి గుర్తుగా ఇచ్చే వీల్యాన్ నంబరు దాంట్లో ఉంటే అన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. ఇప్పుడు వస్తున్న నెట్ కూడా పోయి, మళ్లీ ఆ కస్టమర్ కేర్‌నే బతిమాలుకోవాలి. హాల్లో నెట్ వస్తోందంటే ఫైబర్ బాగున్నట్టే, ఇక ఎల్‌ఓఎస్ చర్చ అనవసరం. నేను ఈ కనెక్షన్లు బిగించే పనిలోనే ఉన్నాను. లైట్లు చూసి జోస్యం చెప్పడం కన్నా రౌటర్ స్టేటస్ పేజీ చదవడం మేలు. వాన్ ఐపీ (రౌటర్‌కి ఓఎన్‌టీ వైపు నుంచి దొరికిన అడ్రసు) అని ఏ అంకెలున్నాయి? ఆ పేజీ తెరవడానికి మీరు ఏ అడ్రసు కొడుతున్నారు? ఈ రెండూ చెప్పండి చాలు.

పైగది:
వాన్ ఐపీ 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. నేను పేజీ తెరిచేది కూడా 192.168.1.1 తోనే.

తీగలాగుడు:
దొరికింది. వాన్ ఐపీ 0.0.0.0 అని ఉంటే కేబులో పోర్టో అనుమానించేవాణ్ణి. మీకు 7 వచ్చింది కాబట్టి ఓఎన్‌టీ అడ్రసు ఇచ్చింది, కేబుల్ మంచిదే. చిక్కల్లా ఏంటంటే, ఓఎన్‌టీ అడ్రసూ 192.168.1.1, రౌటర్ అడ్రసూ అదే. "బయటికి వెళ్లేవి గేట్‌వే 192.168.1.1 కి ఇవ్వు" అంటే, అది నేనే కదా అనుకుని రౌటర్ అక్కడే ఆగిపోతుంది. ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నంబరుంటే పోస్ట్‌మాన్ పడే అవస్థ ఇది. కొన్ని రౌటర్లు దీన్ని కనిపెట్టి తమ అడ్రసు తామే మార్చుకుంటాయి. మీది అంత తెలివైంది కానట్టుంది.

లాన్ సెట్టింగ్స్‌లో రౌటర్ ఐపీని 192.168.50.1 చేసి సేవ్ కొట్టండి. అది రీస్టార్ట్ అయ్యాక ఫోన్లో ఆ వైఫైని "ఫర్గెట్" చేసి మళ్లీ కలపండి. ఇకనుంచి పేజీ కొత్త అడ్రసు మీదే తెరుచుకుంటుంది.

నీలిదీపం:
రౌటర్లో పీపీపీఓఈ వివరాలు వేస్తే సరిపోదా?

తీగలాగుడు:
ఆ లాగిన్ ఓఎన్‌టీయే చేస్తోంది కదా. రౌటర్ చేత చేయించాలంటే ముందు ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి (తాను లాగిన్ అవకుండా సిగ్నల్‌ని రౌటర్‌కి దాటించడం మాత్రమే చేసేలా) మార్చాలి. పాస్‌వర్డ్ చేతిలో లేకుండా అందులో దిగితే అసలుకే ఎసరు.

పైగది:
గ్లోబు పచ్చబడింది! ఫోన్లో నెట్ వచ్చేసింది, చాలా థాంక్స్ అండి. కానీ పైనున్న ల్యాప్‌టాప్‌కి ఇప్పుడు హాల్లో ప్రింటర్ కనబడటం లేదు. ప్రింటర్ పాత వైఫై మీద ఉంది.

తీగలాగుడు:
కనబడదు మరి. ప్రింటర్ 192.168.1 లో, ల్యాప్‌టాప్ 192.168.50 లో. "ఇక్కడ ప్రింటర్లెవరైనా ఉన్నారా" అని ల్యాప్‌టాప్ పెట్టే కేక రౌటర్ గోడ దాటి అవతలికి పోదు. ప్రింటర్ ఐపీ చేత్తో కొడితే పని జరగొచ్చు గానీ, నా మాట వింటే రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టేయండి. అప్పుడు అడ్రసులన్నీ ఓఎన్‌టీయే పంచుతుంది, ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్. మీకు కావాల్సింది పైగదికి వైఫై అంతే కదా.

ఆ మోడ్ మెనూలో లేకపోతే మొదట రౌటర్ ఐపీని 192.168.1 లోనే, ఓఎన్‌టీ పంచే అడ్రసుల వరసలో లేనిదొకటి చూసి పెట్టండి. తర్వాత రౌటర్లో డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రసులు పంచే పని) ఆపండి. ఆఖర్న కేబుల్‌ని వాన్‌లోంచి తీసి లాన్ పోర్టులో గుచ్చండి. ఈ వరస తప్పొద్దు. ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే మీ ఫోన్‌కి అడ్రసు దొరకక, ఆ పేజీలోకి మళ్లీ వెళ్లడం తలనొప్పి అవుతుంది. మెనూలోనే మోడ్ మారిస్తే రౌటర్ అడ్రసు మారొచ్చు. అప్పుడు కంగారు పడకుండా ఓఎన్‌టీ పేజీలో, కలిసిన పరికరాల జాబితాలో వెతకండి.