పోలండ్ ఎన్నికకు ఓటరు నమోదు: ఫారం తీసుకోవడం లేదు, గడువు దగ్గరపడింది

మానుకోట కిరణ్
అందరికీ నమస్కారం. మా ఆవిడది పోలండ్. ఈ నెల, అంటే 2025 మే 18న వాళ్ల దేశాధ్యక్ష ఎన్నిక. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేద్దామని మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నాం, ఇప్పుడు రాత్రి పది దాటింది. అన్నీ నింపి పంపగానే వివరాలు సరిపోలడం లేదని ఎర్ర అక్షరాల్లో వస్తోంది. మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. బ్రౌజర్ మార్చాం, ఫోన్‌లో చూశాం, తన పాత ల్యాప్‌టాప్‌లోనూ చూశాం. తనకు ఏడుపొక్కటే తక్కువ. ఎవరైనా చేసినవాళ్లుంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

ఒకే ముక్క
ఏ దేశం?

చికాగో మాస్టారు
కిరణ్ బాబూ, ముందు ఒక ముఖ్యమైన విషయం. ఇక్కడ ఓటింగు 18న కాదు, 17న, శనివారం. మన గడియారం వెనక ఉంటుంది కదా, పోలండ్‌లో పోలింగ్ ముగిశాక ఇక్కడ ఇంకా ఓట్లు పడుతూ ఉండకూడదని అమెరికా ఖండాల్లో ఒక రోజు ముందే పెడతారు. ఆదివారం వెళ్తే తలుపులు మూసి ఉంటాయి.
ఇంకో సంగతి. పరాయిగడ్డ మీద రాజకీయం వీళ్లకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ చేరిన పోలండ్ ప్రవాస ప్రభుత్వం, యుద్ధం అయిపోయి వార్సాలో కమ్యూనిస్టులు గద్దెనెక్కాక కూడా 1990 దాకా నడిచింది. గుర్తించే దేశాలు దాదాపు లేకపోయినా అధ్యక్షుణ్ణి, మంత్రులను పెట్టుకుని నడిపారు. చివరి ప్రవాస అధ్యక్షుడు రిషార్ద్ కచొరోవ్‌స్కీ 1990 డిసెంబరు 22న వార్సా వెళ్లి కొత్తగా ఎన్నికైన అధ్యక్షుడు లెక్ వాలెసా చేతికి అధ్యక్ష చిహ్నాలు అప్పగించారు. ఆ పట్టుదల గురించి మన పిల్లలకు చెప్పాలి.

మానుకోట కిరణ్
మాస్టారూ, మేం ఉండేది యూకేలో, లెస్టర్. మాకు ఆదివారమే. ఫారం సంగతి ఎవరైనా చెప్పండి. 13 రాత్రితో గడువు అయిపోతుందట.

మాంచెస్టర్ లక్ష్మి
కిరణ్ గారూ, నాతో పనిచేసే ఇద్దరు పోలిష్ అమ్మాయిలు పోయిన వారమే చేసుకున్నారు. పెద్ద పనేం కాదు. పెసెల్ నంబరు (పోలండ్ గుర్తింపు సంఖ్య, 11 అంకెలు, మొదటి ఆరు పుట్టినతేదీని బట్టే వస్తాయి), పోలిష్ పాస్‌పోర్టు నంబరు, పేరు, ఇక్కడి అడ్రసు, ఏ కేంద్రంలో ఓటేస్తారో అది. పోస్టులో బ్యాలెట్ వస్తుందని మాత్రం చూడకండి. 2020లో కరోనా అప్పుడు పంపారు, ఇప్పుడు స్వయంగా వెళ్లాల్సిందే. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని వెళ్లమనండి. ఇంతకీ ఎర్ర అక్షరాలు ఏ గడి కింద వస్తున్నాయి?

కావలి వెంకట్
ఇది చూస్తే మన సంగతి గుర్తొచ్చి కడుపు మండుతోంది. మన ఎన్నారైలకు 2010లో చట్టం మార్చి ఓటు హక్కయితే ఇచ్చారు, ఫారం 6ఏ నింపితే పేరూ ఎక్కిస్తారు. ఓటు వేయాలంటే మాత్రం టికెట్ కొనుక్కుని ఊరికి రావాలి. 2024 లోక్‌సభ ఎన్నికలకు విదేశీ ఓటర్లుగా నమోదైనవాళ్లు 1,19,374 మంది. వచ్చి వేసింది 2,958 మంది, అందులో 2,670 మంది కేరళవాళ్లే. పోలండ్ చూడండి, ఈసారి విదేశాల్లో 500కు పైగా పోలింగ్ కేంద్రాలు పెడుతోంది. మన ఎంబసీల్లో ఒక పెట్టె పెట్టడానికి ఏం అడ్డం?

చికాగో మాస్టారు
వెంకట్ గారూ, పోలిష్ ఎన్నారైలతో మనకు పోలిక కుదరదు. పొలోనియా అంటే మూడు నాలుగు తరాలుగా స్థిరపడినవాళ్లు. ఇక్కడ పోలిష్ చర్చిలూ శనివారం బడులూ వాళ్లే నిలబెట్టుకున్నారు.

మాంచెస్టర్ లక్ష్మి
మాస్టారూ, అది చికాగో సంగతి. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక పనికి వచ్చినవాళ్లు. మా అమ్మాయిలను పొలోనియా అంటే ఒప్పుకోరు, మేం పోలండ్‌వాళ్లం, పనికి వచ్చాం అంతే అంటారు. వాళ్ల ఓట్లూ మీ ఊరి ఓట్లూ ఒకవైపు పడవు.

కావలి వెంకట్
పేరేదైతేనేం అక్కా. విదేశాల్లో వేసిన ఓట్లన్నీ వార్సా లెక్కలో కలిపేస్తారట. కిరణ్ గారి భార్యది ఏ ఊరో గానీ ఆ ఊరికి ఆ ఓటు అందదు. ఇదీ అన్యాయమే.

ఒకే ముక్క
అది పార్లమెంటు ఎన్నికలకు. ఇది అధ్యక్ష ఎన్నిక. దేశమంతా ఒకటే లెక్క.

మాంచెస్టర్ లక్ష్మి
అవును. పార్లమెంటుకైతే వెంకట్ గారన్నది నిజమే. 2023లో బయట నమోదైన 6 లక్షల పైచిలుకు మంది ఓట్లూ వార్సా నియోజకవర్గంలోనే పడ్డాయి, అయినా అక్కడి 20 సీట్లు పెరగలేదు. ఫ్రాన్స్, ఇటలీలకు ఉన్నట్టు ప్రవాసులకు విడిగా సీట్లు లేవు. పైగా విదేశీ కేంద్రాలు 24 గంటల్లో లెక్క తేల్చి పంపకపోతే ఆ ఓట్లు వేయనట్టే అని చట్టంలో ఉంది. గంటలకొద్దీ క్యూలో నిలబడి వేసిన ఓటుకు ఇదేం నిబంధన? అధ్యక్ష ఎన్నికలో మాత్రం ప్రతి ఓటూ సమానమే. 2020 రెండో రౌండులో తేడా సుమారు 4.2 లక్షల ఓట్లు. బయట నమోదైనవాళ్లే 5 లక్షలు దాటారు. కిరణ్ గారూ, వదలకండి.

మానుకోట కిరణ్
వదలం అక్కా. తనకు ఈ ఓటు ఎందుకంత ముఖ్యమో చెబుతా. నేను ఇండియన్ పాస్‌పోర్టుతో, వర్క్ వీసా మీద ఉన్నా. కామన్వెల్త్ పౌరుడినని పోయిన జులైలో ఇక్కడి పార్లమెంటు ఎన్నికలో ఓటేశాను. తను నాకంటే చాలా ముందు వచ్చింది, పన్నులు కడుతోంది, కౌన్సిల్ ఎన్నికల్లో తప్ప ఓటు లేదు. 2016 బ్రెగ్జిట్ రెఫరెండంలోనూ తనను అడగలేదు, అప్పుడే దిగిన మనవాళ్లు మాత్రం వేశారు. నేను ఓటేసి వచ్చిన రోజు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఇక పోలండ్ ఓటు కూడా పోతే ఎలా?
ఎర్ర అక్షరాలు ఏ గడి కిందా రావడం లేదు, పైన వస్తున్నాయి.

చికాగో మాస్టారు
మంచి విషయం చెప్పావు బాబూ. అమెరికాలో అయితే సిటిజన్ కాకుండా అలాంటి ఎన్నికలో ఓటు వేస్తే నేరం. మా ఊళ్లో గ్రీన్‌కార్డు మీదున్న పోలిష్ వాళ్లకూ మనవాళ్లకూ ఇది పదేపదే చెబుతుంటాను.

ఒకే ముక్క
కిరణ్ గారూ, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నారా?

మానుకోట కిరణ్
అవును, మా ఇంటిపేరే. బ్యాంకు, జీపీ (మా డాక్టరు), డ్రైవింగ్ లైసెన్సు అన్నింట్లో అదే ఉంది. అదే కొడుతున్నాం.

ఒకే ముక్క
పోలిష్ పాస్‌పోర్టులో?

మానుకోట కిరణ్
అందులో పాతదే. పెళ్లి ఇక్కడ రిజిస్టర్ అయింది, పోలండ్‌లో ఎక్కించలేదు.

ఒకే ముక్క
పాస్‌పోర్టులో ఉన్నదే కొట్టండి. పెళ్లిని అక్కడి రిజిస్టరులో నమోదు చేయించేదాకా వాళ్ల లెక్కలో పాత పేరే. పోలిష్ అక్షరాలతో కొట్టండి.

మాంచెస్టర్ లక్ష్మి
ఆ చివరి మాట ముఖ్యం. ఎల్ అక్షరానికి అడ్డగీత, ఎన్ మీద చిన్న గీత ఉంటాయి చూడండి, పాస్‌పోర్టు కింద రెండు వరసల్లో బాణం గుర్తులతో ఉన్నచోట అవి కనబడవు. దాన్ని చూసి కొట్టొద్దు, పైన పేరు రాసి ఉన్నచోట చూసి కొట్టండి. ఫోన్ కీబోర్డులో ఎల్ నొక్కి పట్టుకుంటే గీత ఉన్నది వస్తుంది.

కావలి వెంకట్
ఇది విన్నాక అడుగుతున్నా. మన ఫారం 6ఏలో కూడా పాస్‌పోర్టు పేరే అడుగుతారు కదా, ఆధార్‌లో వేరేగా ఉంటే ఏం చేయాలి?

మానుకోట కిరణ్
తీసుకుంది. మెయిల్ కూడా వచ్చింది. థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. తను నిద్రపోయింది, పొద్దున చెబుతా.

చికాగో మాస్టారు
సంతోషం. వీలు చూసుకుని పెళ్లి కూడా అక్కడ నమోదు చేయించు. పిల్లలు పుట్టాక వాళ్ల కాగితాలకు కావాలి.

డబ్లిన్ సుధ
ఆలస్యంగా చూశాను. మా కోడలిది కూడా పోలండే, ఐర్లాండ్‌లో ఉంటాం. 18న మేమంతా ఇండియాలో ఉంటాం. డబ్లిన్‌లో పేరు నమోదైపోయింది. ఇప్పుడు ఢిల్లీకి మార్చుకోవచ్చా? ఎవరికైనా తెలుసా?