వాన వెలిసిన మరునాడు ఇసుకరాతి కొండపై వియా ఫెర్రాటా ఎక్కవచ్చా?

డ్రెస్డెన్ విద్యార్థి:
అందరికీ నమస్కారం. మేము నలుగురం ఈ శనివారం సరిహద్దు దాటి, చెక్ దేశంలోని ద్యెచీన్ పట్టణానికి వెళ్లాలనుకుంటున్నాము. అక్కడ ఎల్బె నది ఎడమ ఒడ్డున, కోటకు ఎదురుగా నిలువుగా లేచిన పాస్టీర్‌జ్‌స్కా స్త్యెనా అనే ఇసుకరాతి గోడపై ఉక్కు తాళ్లు, ఇనుప మెట్లు బిగించిన మార్గాలు, అంటే వియా ఫెర్రాటాలు, చాలా ఉన్నాయి. వాటిలో తక్కువ స్థాయివి కొత్తవారికి అనువైనవని చెబుతారు. మాలో ఇద్దరు ఇదివరకు ఎన్నడూ ఇలాంటిది ఎక్కలేదు. శుక్రవారం మధ్యాహ్నం దాకా వాన పడి, శనివారం ఎండ కాస్తుందని సూచన. తడిసిన ఇసుకరాయిని ఎక్కరాదని ఇక్కడి ఆరోహకులందరూ అంటారు. ఇనుప మెట్ల దారికి కూడా ఆ నియమం వర్తిస్తుందా?

మ్యూనిక్ సివిల్ ఇంజనీరు:
నా అభిప్రాయంలో వర్తించదు. ఆ నియమం చేతులతో రాతి అంచులను పట్టుకుని ఎక్కేవారి కోసం ఏర్పడినది. డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ రాష్ట్రపు కొండల్లో రాయి ఎంత మెత్తనిదంటే, పడిపోకుండా తాడును ఆపడానికి పగుళ్లలో ఇరికించే లోహపు సాధనాలను (నట్లు, క్యామ్‌లు) బిగించడం కూడా నిషిద్ధం. ముడులు వేసిన తాళ్లనే ఇరికించి రక్షణ ఏర్పరచుకుంటారు. అటువంటి చోట తడి అంచు విరిగితే మనిషి పడిపోవడమే కాక, ఆ మార్గమే శాశ్వతంగా మారిపోతుంది. వియా ఫెర్రాటాలో మన బరువు రాతిలోకి లోతుగా తొలిచి బిగించిన ఉక్కు మీద పడుతుంది కాబట్టి, శనివారం ఎండ వస్తే వెళ్లడంలో తప్పు లేదు.

బాడ్ షాండౌ నివాసి:
ఇంజనీరు గారి వాదన చేతుల వరకు సరైనదే, కానీ పాదాల సంగతి అందులో రాలేదు. సులువైన మార్గాల్లో మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం ఎక్కువగా ఉన్న చోట్లా, అడ్డంగా నడవవలసిన చోట్లా పాదాన్ని రాతికే ఆనించాలి. వాన వెలిసిన మరునాడు ఆ రాతిని బొటనవేలితో రుద్ది చూడండి: గింజలు విడివడి, తడి ఇసుక వేలికి అంటుకుంటుంది. అదే ఇసుక బూటు అడుగుకూ రాతికీ మధ్య చేరితే కాలు నిలవదు. ఉక్కు తాడును పట్టుకుని వెనక్కు వాలి, కాళ్లతో గోడను నెట్టుకుంటూ పోవలసిన చోట ఇది బాగా తెలుస్తుంది. కొత్తవారు కాలు జారగానే భయంతో తాడును మరింత గట్టిగా పట్టుకుంటారు, పది నిమిషాల్లో చేతులు బిగుసుకుపోతాయి.

నడుముకు కట్టుకుని ఉక్కు తాడుకు తగిలించుకునే రక్షణ పట్టీ ఉంది కదా అనుకోవడం ఇంకా ప్రమాదకరం. మామూలు తాడు ఆరోహణలో ఎంత ఘోరంగా పడినా, పడే దూరం వాడుకలో ఉన్న తాడు పొడవుకు రెండింతలు మించదు. వియా ఫెర్రాటాలో మన కారబినర్లు, అంటే పట్టీ చివర ఉన్న రెండు లోహపు కొక్కేలు, ఉక్కు తాడు వెంట దాన్ని రాతికి బిగించిన కింది బోల్టు దాకా జారిపోతాయి. బోల్టు మూడు మీటర్ల కింద ఉంటే, మీటరు పొడవైనా లేని పట్టీ మీద మూడు మీటర్లకు పైగా పడినట్లే. ఆ దెబ్బను తట్టుకోవడానికే పట్టీలో కుట్లు తెగుతూ శక్తిని పీల్చుకునే భాగం ఉంటుంది. 2017 నాటి యూరోపియన్ ప్రమాణం దానిని 40 నుంచి 120 కిలోల బరువు వరకు పరీక్షించాలంటుంది. అది ప్రాణం కాపాడవచ్చు, కానీ దారిలో ఉన్న ఇనుప మెట్టుకు తగిలి కాలు విరగకుండా ఆపలేదు. అందుకే ఇక్కడ పడకుండా ఉండడమే అసలు రక్షణ.

లాస్ వేగాస్ నుంచి:
మా ఊరి పక్కన రెడ్ రాక్ కాన్యన్‌లో కూడా ఇసుకరాయే. వాన తరువాత ఒకటి నుంచి మూడు రోజులు ఆగడం అక్కడి ఆనవాయితీ. పైపొర ఎండలో గంటల్లో ఆరిపోతుంది, లోపలి తడి మాత్రం అలాగే ఉంటుంది. కనుక కంటికి పొడిగా కనిపించడం ఆధారం కాదు. కొండ మొదట్లో నేలను నాలుగు వేళ్ల లోతు తవ్వి చూసి, మట్టి తడిగా ఉంటే వెనుదిరుగుతారు.

మ్యూనిక్ సివిల్ ఇంజనీరు:
పాదాల విషయం ఒప్పుకుంటున్నాను. అయినా ఎడారి ఆనవాయితీని యథాతథంగా ఎల్బె లోయకు తెస్తే, వేసవి వానలు తరచుగా పడే ఈ ప్రాంతంలో ఎక్కే రోజులే మిగలవు. నిర్వాహకులు దారి మూసివేయనప్పుడు, బోల్టులను వారు పరీక్షిస్తున్నప్పుడు, అనుభవజ్ఞులు మెట్లు దగ్గరదగ్గరగా ఉన్న మార్గాన్ని ఎంచుకుని వెళ్లడాన్ని నేను తప్పుపట్టలేను.

బాడ్ షాండౌ నివాసి:
అనుభవజ్ఞుల గురించి నాకూ పేచీ లేదు. వారు ఎక్కడ ఆగిపోవాలో వారికి తెలుస్తుంది. ఈ ప్రశ్న అడిగినవారిలో ఇద్దరు తొలిసారి ఎక్కబోతున్నారు. మార్గం స్థాయిని సూచించే అక్షరం పొడి రాతి మీద ఎంత కష్టమో మాత్రమే చెబుతుంది. తడి రోజున అదే మార్గం ఎలా ఉంటుందో చెప్పదు. పైగా బోల్టు చుట్టూ ఉన్నదీ ఇసుకరాయే. తడిస్తే దాని బలం తగ్గుతుంది. బిగింపు చెడకపోవచ్చు, కానీ తొలిరోజునే ఆ పరీక్ష పెట్టవలసిన అవసరం ఏముంది?

శనివారమే వెళ్లాలనుకుంటే, వారిద్దరికీ నేల మీదనే కారబినర్లు మార్చడం నేర్పండి. ఒకదాన్ని విప్పి బోల్టు అవతల తగిలించిన తరువాతనే రెండవదాన్ని విప్పాలి. ఏ క్షణంలోనూ రెండూ విడిగా ఉండకూడదు. రెండు బోల్టుల మధ్య ఒక్కరే ఉండాలి. చూడకుండా చేయగలిగేంత వరకు సాధన చేయించండి.

డ్రెస్డెన్ విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. ప్రయాణాన్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చాము. శనివారం ఇక్కడి పార్కులో చెట్ల మధ్య తాడు కట్టి సాధన చేస్తాము. ఆదివారం కొండ మొదట్లో మట్టి తవ్వి చూసి, తడిగా ఉంటే కోట చూసి తిరిగి వస్తాము.

మ్యూనిక్ సివిల్ ఇంజనీరు:
మట్టిని ఎండ తగలని చోట తవ్వండి. పైకి వెళ్లిన తరువాత నీడలో పచ్చగా నాచు కనబడితే, అక్కడ పాదం రాతికి కాకుండా మెట్టుకే ఆనించేలా ముందే చూసుకోండి. వచ్చిన తరువాత రాతి స్థితి ఎలా ఉందో ఇక్కడ రాస్తే, వచ్చే వారం వెళ్లేవారికి పనికొస్తుంది.