క్షణక్షణముల్ జవరాండ్ర చిత్తముల్: ‘మూడీ’కి ఇది సరిపోదా?

గోదారిగట్టు: పడుచుల మనసులు క్షణానికో తీరు అనే ఈ చివరి ముక్క తప్ప పద్యం గుర్తుకు రావడం లేదు. పొద్దుట్నుంచీ నోట్లో నలుగుతోంది. మూడీ అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి తెలుగు నాకు తట్టలేదు. పై పాదాలు ఎవరికైనా వచ్చా?

పాతచొక్కా: మూడీకి కుదరదండీ. “ఆయన కాస్త మూడీ” అన్నామంటే పలకరించినా పలకడని. ముభావం మనిషి. ఘడియకో తీరుగా మారేవాణ్ణి అలా అనం.

గోదారిగట్టు: అది మన వాడుక. ఇంగ్లీషులో రెండూ ఉన్నాయి కదా.

నిఘంటుపురుగు: మొదట్లో రెండూ లేవు. పాత ఇంగ్లీషులో ‘మోడిగ్’ అంటే ధైర్యశాలి. జర్మన్ ‘మూట్’ నేటికీ ధైర్యమే. షేక్‌స్పియర్ దగ్గరికొచ్చేసరికి క్లియోపాత్రా సంగీతాన్ని ‘మూడీ ఫుడ్’ అంటుంది, ప్రేమికుల దిగులుకు మేత అని. ‘మూడాఫ్’ మాత్రం అచ్చంగా మన సొత్తు.

యతిస్థానం: ఇంగ్లీషు పక్కన పెట్టి మొదటి ‘ణ’ చూడండి. అది గురువైతేనే, అంటే రెండు మాత్రల అక్షరమైతేనే, ఉత్పలమాలకైనా చంపకమాలకైనా ఆ ముగింపు నప్పుతుంది. కాబట్టి క్షణక్షణ ఒకే సమాసం. సంస్కృత నిఘంటువు అమరకోశంలో “క్షణ ఉద్ధర్షో మహ ఉద్ధవ ఉత్సవః” అని, క్షణమంటే ఉత్సవమనీ లేదూ? క్షణకాలపు పండుగలు అని నా అన్వయం. నింద కాదు, మెచ్చుకోలు.

పాతచొక్కా: ‘క్షణక్షణమూ’ అన్నా ఆ ‘ణ’ గురువే మాస్టారూ. దానికోసం పండుగ చెయ్యక్కర్లేదు.

పారిజాతం: ఆడవాళ్ల చిత్తం సంగతి పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన దగ్గర చూడాలి. రుక్మిణికి పారిజాతం పువ్వు దక్కిందని సత్యభామ కృష్ణుణ్ణి ఎడమకాలితో తోస్తే, ఆయన దాన్ని ‘నెయ్యపు కినుక’ అన్నాడు. తన్నులు తిని కూడా ‘నాకు మన్ననయ’ అనడం ఇంకే కవి నాయకుడికి చేతనవును? అలుక, కినుక మనకుండగా మూడీ దేనికి?

యతిస్థానం: అలుకకు కారణం కావాలి, తీర్చే మనిషి కావాలి. మూడీకి రెండూ అక్కర్లేదు. బతిమాలబోతే కసురుకుంటాడు.

పాతచొక్కా: ఇందాక నేనన్నదీ అదే.

యతిస్థానం: మీరు పలకడన్నారు. కసరడం పలకడమే కదా! పైగా తిమ్మన రాసింది కినుక కాదు, ‘నెయ్యపుఁ గిన్క’. ఆ ‘ను’ చేర్చి చదివితే గణం చెడుతుంది.

పారిజాతం: నేను పద్యం చదవలేదండీ, మాట చెప్పాను. పద్యమే కావాలంటే ‘పేరలుక’ కూడా ఉంది. పేరు, అలుక కలిసేచోట టుగాగమం, అంటే నడుమ ‘ట్’ చేరడం, ఎందుకు రాలేదో మీరే చెప్పండి.

యతిస్థానం: విభాష కాబట్టి. వస్తే రావచ్చు, రాకపోనూవచ్చు.