అప్‌డేట్: 5 అడుగుల మొక్కల అక్వేరియంకి లైట్ సమస్య తీరింది

హన్మకొండలో మా ఇంట్లో ఉన్న 5×2×2 అడుగుల ట్యాంక్ (నిండా పోస్తే దాదాపు 560 లీటర్లు) గురించి మూడు నెలల కింద అడిగాను. మధ్యలో ఒక్కటే ఎల్‌ఈడీ, ముందు వరస మొక్కలు కాడలు సాగి పాలిపోతున్నాయి, మధ్యలో ఉన్న అనుబియాస్ ఆకుల మీదేమో నాచు, ఇంకా పెద్ద లైట్ కొనాలా అని. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

అసలు సంగతి ఇక్కడ అక్వేరియంలు సెట్ చేసే అన్న వచ్చి చూస్తే తెలిసింది. మూత అద్దం కింద బోరు నీళ్ల తెల్లటి ఉప్పు పొర గట్టిగా పట్టి వెలుతురు సగం అక్కడే ఆగిపోతోంది! వెనిగర్‌తో రుద్ది కడిగాను, ఇప్పుడు వారానికోసారి తుడుస్తున్నా.

రెండు అడుగుల వెడల్పుకి ఒక్క లైట్ చాలదు, ముందొకటి వెనకొకటి పెట్టమన్న సలహానే పనిచేసింది. మొక్కలకి సీఓ2 (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్) విడిగా ఇవ్వడం లేదు, అది లేకుండా ఎక్కువ వెలుతురు వాడుకోలేవు కాబట్టి రెండూ సగం వెలుతురులోనే, రోజుకి 7 గంటలు. అంతకుముందు 11 గంటలు వేసేవాణ్ణి, నాచుకి అదే కారణం. టైమర్ మాత్రం బ్యాటరీ ఉన్నదే తీసుకోండి, మామూలుది కరెంటు పోయినప్పుడల్లా వెనకబడుతుంది.

లీటరుకి ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబ్‌లైట్ల నాటిది, ఎల్‌ఈడీకి కుదరదు. 6500 కెల్విన్‌ (లైటు రంగు కొలత) కావాలా, 8000 కావాలా అన్న టెన్షన్ కూడా అనవసరమే.

ముందు వరసలో క్రిప్ట్‌లు (క్రిప్టోకోరైన్ అనే నీటి మొక్కలు) కొత్త ఆకులేస్తున్నాయి, పొద్దున లేవగానే వాటినే చూస్తున్నా.